ఏలికల లెక్క, ప్రజల లెక్క

ప్రతి సంవత్సరమును సెప్టెంబరు 17వ తేదీ సమీపించునప్పటికి తెలంగాణమున ఒక వివాదము మేల్కొనుచున్నది. 2022లో కేంద్ర ప్రభుత్వము ఆ దినమును విమోచన దినమని జరిపెను. అదే యేట రాష్ట్ర ప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమని జరిపెను. ప్రభుత్వము మాఱిన పిమ్మట 2024లో ప్రజాపాలనా దినమను మూడవ పేరు పుట్టినది. పేరుపై పోరు సలుపువారు పతాకము దించి ఇండ్లకు బోయిన తరువాత, బోధన్ చెఱకు రైతు నోట వేఱొక మాట వినవచ్చును: “నైజాము కట్టించినాడు, మనవారు మూసినారు.” ఈ మాట చిన్నదే గాని తేలికయైనది కాదు. దీనిలో సగము సత్యమున్నది. సగము సత్యమునకు సమాధానము చెప్పుట పూర్తి అబద్ధమునకు చెప్పుటకంటె కష్టము. కావున సప్తమ నిజాము మీర్ ఉస్మాన్ ఆలీ ఖాన్ పరిపాలనమును బాల్కొండ, నిజామాబాదు, బోధన్ ప్రాంతముల నుండి చూచి తూకము వేయుట నేటి యవసరమని తలంచుచున్నాము.

ఒక పాలకుని తూచుటకు ఆతని కాలమునాటి మఱియొక పాలకుని ప్రక్కన నిలుపుట మంచి పద్ధతి. 1911వ సంవత్సరమున రెండు సింహాసనములపై ఇద్దఱు యువకు లెక్కిరి. ఏప్రిలులో జర్మనీయందలి షౌంబుర్గ్-లిప్పే అను చిన్న సంస్థానమునకు రెండవ అడాల్ఫ్ ప్రభువాయెను. ఆగస్టులో హైదరాబాదునకు ఉస్మాన్ ఆలీ ఖాన్ నిజామాయెను. మొదటివాని వయస్సు 28 ఏండ్లు. రెండవవాని వయస్సు 25 ఏండ్లు. అడాల్ఫ్ రాజ్యము 340 చదరపు కిలోమీటర్లు మాత్రమే. ప్రజలు అర్ధలక్షకు లోపు. మన వైపున నొక తాలూకాకు మించని రాజ్యమది. నిజాము రాజ్యమో 82 వేల చదరపు మైళ్లు. 1941 జనాభా లెక్కల ప్రకారము కోటి అఱువది లక్షలకు మించిన ప్రజలు. స్వంత నాణెము, స్వంత తపాలా, స్వంత రైలు. ఐశ్వర్యమున ఆ జర్మను ప్రభువు ఈయన ముందు నిలువజాలడు. 1937 ఫిబ్రవరిలో అమెరికాలోని టైమ్ పత్రిక ప్రపంచమున నెల్లర కంటె ధనవంతుడని ఉస్మాన్ ఆలీ ఖాన్ బొమ్మను ముఖపత్రముపై ముద్రించిన సంగతి పాఠకు లెఱిగినదే.

కాని ఒక విషయమున ఆ తాలూకాపాటి రాజ్యము మన మహారాజ్యమును మించియుండెను. షౌంబుర్గ్-లిప్పేకు 1868 నుండియు రాజ్యాంగ మొకటి కలదు. చిన్నదైనను శాసనసభ కలదు. అర్ధలక్ష మంది ప్రజలు తమ ప్రభువు బొక్కసమును గూర్చి ప్రశ్నించుటకు నాలుగు గోడల నడుమ నొక చోటు కలిగియుండిరి. కోటిన్నర ప్రజలకు హైదరాబాదున అట్టి చోటు లేదు. 1893లో నేర్పడిన శాసనమండలిలో అధికారులదే పైచేయి. ప్రజలు మెచ్చి పంపిన ప్రతినిధులు దానిలో లేరు. రాజ్యముయొక్క పరిమాణమునకును ప్రజల స్వాతంత్ర్యమునకును సంబంధము లేదనుటకు ఇంతకంటె నిదర్శనము వలయునా?

1918వ సంవత్సరము ఈ ఇద్దఱి జీవితములను వేఱు చేసెను. ప్రపంచ సంగ్రామమున జర్మనీ ఓడిపోగా, నవంబరు మాసమున కొలది దినములలోనే ఆ దేశమందలి ఇరువది రెండు రాజవంశములు కూలిపోయెను. నవంబరు 15న అడాల్ఫ్ సింహాసనము వదలుకొనెను. అదే 1918లో బ్రిటిషువారు యుద్ధమునకు ధన సైన్య సహాయము చేసినందులకు ప్రతిఫలముగా ఉస్మాన్ ఆలీ ఖానునకు తక్కిన సంస్థానాధీశుల కెవ్వరికిని లేని అధిక గౌరవ బిరుదమును, విశ్వాసపాత్రుడైన మిత్రుడను ప్రశస్తిని ఒసంగిరి. ఒకచోట ప్రజలు సింహాసనమును దించిరి. ఇంకొకచోట పరప్రభుత్వము దానికి మఱింత ఎత్తైన పీట వేసెను. నిజాము నధికారమునకు ఆధారము ప్రజల సమ్మతి గాక పరుల ప్రాపు అనుట ఆనాడే స్పష్టమైనది. ఆ ప్రాపు తొలగిన 1947లో సింహాసనము పదమూడు నెలల కంటె నిలువలేకపోవుట కారణము లేని కార్యము కాదు.

ఇక ఏలిక చేసిన పనుల లెక్క చూతము. ద్వేషముచే నొక్క అంకెయు తగ్గింపరాదు. 1908 మూసీ వరదలలో మునిగిన రాజధానిని రక్షించుటకై ఉస్మాన్‌సాగరము 1920లో, హిమాయత్‌సాగరము 1927లో పూర్తియైనవి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసినది. న్యాయశాఖను పరిపాలనాశాఖ నుండి వేఱుచేయు సంస్కరణము 1920 ప్రాంతములలోనే జరిగినది. బ్రిటిషు పాలనలోని రాష్ట్రములలో కాంగ్రెసువారు దీర్ఘకాలము కోరియు పొందలేని సంస్కరణ మిది. మన జిల్లాకు వత్తుము. మంజీరపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల చెంత 1923లో నారంభమై 1931లో ముగిసిన నిజాంసాగరము నవాబు ఆలీ నవాజ్ జంగు ఇంజనీరు ప్రజ్ఞకు స్మారకము. రెండు లక్షల డెబ్బదియైదు వేల ఎకరములకు నీరు పారించుటకు సంకల్పించిన ప్రాజెక్టు అది. ఆ కాలువల నీరు వచ్చిన పిదపనే కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుండి రైతులు వలసవచ్చి వర్ని, రుద్రూరు పరిసరములలో క్యాంపులు వేసికొని రాతినేలను వరిమడిగా మార్చిరి. ఆ నీటి బలముననే చెఱకు పెరిగెను. చెఱకు బలమున 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ సంస్థ యేర్పడి, మఱుసటి యేట బోధన్ ప్రక్కన శక్కర్‌నగరున గానుగ తిరిగెను. వేలాది ఎకరముల స్వంత చెఱకు క్షేత్రములతో, పట్టాల బండ్లతో, కార్మికుల వాడలతో, పాఠశాలతో, ఆసుపత్రితో ఆసియా ఖండమందలి గొప్ప చక్కెర కర్మాగారములలో నొకటిగా అది పేరుపొందెను.

ఇవన్నియు సత్యము. కాని ఒక ప్రశ్న మిగిలియున్నది: ఈ ధన మెవరిది? నిజాంసాగరము ఆలా హజ్రత్ వారి చేతి ఉంగరము తాకట్టుపెట్టి కట్టినది కాదు. రైతు చెల్లించిన భూమిశిస్తు, సుంకములు, ఆబ్కారీ రాబడి, ఇవి దానికి మూలధనము. చక్కెర ఫ్యాక్టరీకిని రాజ్యధనముతో నేర్పడిన పారిశ్రామిక నిధియే వెన్నెముక. ప్రభువు స్వంత సొత్తు వేఱుగ నుండెను. రాజ్యభూమిలో నూటికి సుమారు 60 పాళ్లు దివానీ, అనగా సర్కారుది. 30 పాళ్లు జాగీర్దారుల క్రిందను, తక్కిన 10 పాళ్లు సర్ఫేఖాస్ అను పేర నిజాము స్వంత వ్యయమునకును ఉండెను. ఆ పదవ పాలు ఆదాయము ప్రాజెక్టులకు గాక కింగుకోఠీ ఖజానాకు బోయెను. తన సొమ్ము తన పెట్టెలోను, ప్రజల సొమ్ము కాలువలోను పెట్టిన ప్రభువునకు మంచి నిర్వాహకుడను పేరు చెల్లును గాని దాత యను పేరు చెల్లదు. ఈ భేదము తెలియకున్నచో మనము నేటి మంత్రులకును ఇట్లే మ్రొక్కుచుందుము. తమ పన్నుతో వేసిన రోడ్డుకే కృతజ్ఞతాసభ చేసి పూలదండ వేయుదుము.

రెండవ లెక్క నోటిది. నిజాము ప్రజలలో దాదాపు సగము మంది తెలుగువారు. కచ్చేరిలో, న్యాయస్థానములో, విశ్వవిద్యాలయములో వారి భాషకు తావులేదు. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట ఉస్మానియా చేసిన గొప్ప ప్రయోగమని పొగడువారు, ఆ దేశభాష ఉర్దూ యని, రైతు పిల్లవానికి అదియు పరభాషయే యని మఱచుచున్నారు. 1921 నవంబరున హైదరాబాదులో జరిగిన సంఘసంస్కరణ సభయందు తెలుగున మాటలాడబోయిన ఆలంపల్లి వేంకటరామారావు గారిని సభలోనివారే గేలిచేసిరి. గేలిచేసినవారు సర్కారు నౌకరులు కారు. సర్కారునందు గౌరవములేని భాషకు సభలోను గౌరవము లేకపోయెను. అంతే. ఆ అవమానము నుండి ఆంధ్రజనసంఘము, దాని నుండి 1930లో జోగిపేటలో నిజామాంధ్రమహాసభ జన్మించెను. ఆ మహాసభ ఆఱవ సమావేశము 1937లో మందుముల నరసింగరావు గారి యధ్యక్షతన మన నిజామాబాదుననే జరిగెను. చక్కెర సంస్థ స్థాపనయు, ప్రజల మహాసభయు ఒకే జిల్లాలో ఒకే యేట జరుగుట గమనింపదగినది. ఒకదానికి ఫర్మానా అండ. రెండవదానికి గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు అడ్డు. సభ చేయవలెనన్నచో ముందుగా సర్కారు అనుమతి పొందవలెను. చెఱకు పండించుటకు అనుమతి అక్కఱలేదు. చెఱకు ధరనుగూర్చి సభలో మాటలాడుటకు అనుమతి కావలెను!

1938లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు పుట్టకమునుపే నిషేధమునకు గుఱియైనది. ఆ యేటి సత్యాగ్రహమున వందలకొలది యువకులు చెఱసాలల పాలైరి. 1939లో ప్రకటింపబడిన సంస్కరణములు ప్రజాబాధ్యతను ఒసంగక వృత్తివర్గముల ప్రాతినిధ్యమను చిక్కుముడిని ఒసంగెను. గ్రామమున దేశ్‌ముఖు, పటేలు, పట్వారీల క్రింద వెట్టి సాగుచునేయుండెను. నిజామాబాదు కొండమీద ఖిల్లాయందలి జైలు 1948 నాటికి రాజకీయ ఖైదీలతో నిండియుండెను. దాశరథి కృష్ణమాచార్యులు, వట్టికోట ఆళ్వారుస్వామి అచ్చట బంధింపబడిరి. కాగితము లేనిచోట దాశరథి బొగ్గుతో గోడమీద పద్యము వ్రాసెను. ఒక రాజ్యము తన కవులకు ఇచ్చిన కాగితము జైలుగోడ యైనప్పుడు దాని యానకట్టల ఎత్తు కొలిచి మాత్రమే మార్కులు వేయుట న్యాయమా?

నిజామునకు మేలుకొలుపులు రాకపోలేదు. బేరారుపై తన హక్కును కోరుచు బ్రిటిషు చక్రవర్తితో తాను సమానుడనని వ్రాసినప్పుడు, 1926 మార్చిలో రాజప్రతినిధి రెడింగ్ ప్రభువు కఠినముగ బదులిచ్చెను: ఈ దేశమున బ్రిటిషు చక్రవర్తిత్వము సర్వోన్నతమని, ఏ సంస్థానాధీశుడును దానితో సమానస్థాయిని కోరజాలడని. విశ్వాసపాత్రుడైన మిత్రునికి లభించిన మర్యాద అది. ఆ దినమున నైనను ప్రభువు తన ప్రజల వైపు తిరిగియుండిన, బాధ్యతాయుత ప్రభుత్వ మొసంగి వారి విశ్వాసము గడించియుండిన, 1948 చరిత్ర వేఱుగ నుండెడిది. అట్లు జరుగలేదు. 1947 జూనులో తాను ఏ డొమినియనులోను చేరనని ప్రకటించెను. నవంబరు 29న యథాతథపు టొడంబడికకు వ్రాలుచేసెను. పిమ్మట రాజ్యము కాశిం రజ్వీ రజాకారుల చేతిలో చిక్కెను. ఆ హింసకు భైరాన్‌పల్లి వంటి గ్రామములు బలియైనవి. సత్యము వ్రాసినందులకు ఇమ్రోజ్ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో వీథిలో హత్యకు గుఱియాయెను. ఆ యువకుడు ముస్లిమనుట నేడు ఈ చరిత్రను రెండు మతముల జగడముగ చిత్రింప జూచువారు జ్ఞాపకముంచుకొనవలెను. సెప్టెంబరు 13న ప్రవేశించిన భారతసైన్యమునకు 17న నిజాము లొంగెను. ఆ వెనుక పెక్కు జిల్లాలలో నిరపరాధులైన ముస్లిములపై జరిగిన హత్యాకాండను విచారించిన సుందరలాల్ సంఘము 27 వేలనుండి 40 వేల వఱకు ప్రాణములు పోయినవని అంచనావేసినది. ప్రజల పక్షమున వ్రాయువారు ఈ లెక్కను మింగివేసినచో వారి తక్కిన లెక్కలను నమ్మువా రుండరు.

పతనానంతరము ఈ పాలకునిపట్ల భారతదేశము చూపిన ఔదార్యము గణనీయము. 1949లో సర్ఫేఖాస్ భూములు సర్కారులో కలిసెను. ఆ యేటనే జాగీర్లు రద్దాయెను. సాలీనా 50 లక్షల రూపాయల రాజభరణము, సర్ఫేఖాస్ నష్టమునకు 25 లక్షలు, భవనముల పోషణకు 25 లక్షలు ఏర్పాటైనవి. 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 వఱకు ఆయన రాజప్రముఖుడుగ నుండెను. 1967 ఫిబ్రవరి 24న మరణించెను. రాజభరణములు 1971లో రాజ్యాంగ సవరణముచే అంతరించెను. జర్మనీలో ఇదే సమస్య వేఱు దారి పట్టినది. మాజీ ప్రభువుల ఆస్తులను పరిహారము లేక గైకొనవలెనా యని 1926 జూను 20న ప్రజలనే అడిగిరి. కోటి నలువది నాలుగు లక్షలకు పైగా ఓట్లు అనుకూలముగ వచ్చియు, ఓటర్లలో సగమునకు చేరలేదు గనుక ఆ ప్రతిపాదన వీగిపోయెను. అడాల్ఫ్ 1936లో మెక్సికోయందు విమాన ప్రమాదమున మరణించెను. బ్యూకెబుర్గు కోట మాత్రము నేటికిని ఆ వంశము వారిదే. చిన్న ప్రభువునైన గాని, పెద్ద ప్రభువునైన గాని సింహాసనము దిగిపోవుట సులభము; సొత్తు లెక్క తేలుట కష్టము. సైనికచర్య వేళ 1948 సెప్టెంబరులో లండనులోని పాకిస్తాను హైకమిషనరు పేర చేరిన పది లక్షల పౌండ్ల వ్యాజ్యము 2019 అక్టోబరు వఱకు సాగి, భారతదేశమునకును నిజాము వారసులకును అనుకూలముగ తీర్పువచ్చినప్పటికి ఆ మొత్తము మూడున్నర కోట్ల పౌండ్లాయెను!

కాలము గడచిన కొలది కథలును పెరుగును. 1965 యుద్ధ సమయమున నిజాము 5 వేల కిలోల బంగారమును దేశమునకు దానమిచ్చెనని వాడవాడల చెప్పుకొనుచున్నారు. సమాచార హక్కు క్రింద వెలువడిన వివరములు వేఱుగ నున్నవి: 425 కిలోల బంగారమును జాతీయ రక్షణ స్వర్ణపత్రములలో ఆఱున్నర శాతము వడ్డీకి పెట్టుబడి పెట్టిరి. అదియు దేశమునకు ఉపకరించినదే, నింద్యము కాదు. కాని పెట్టుబడి దానముగ, నాలుగు వందలు అయిదు వేలుగ మాఱుట చూడుడు. జనులకు మహాదాతయైన రాజు ఎందులకు కావలసివచ్చెను?

ఇచ్చటనే మూడవ లెక్క, మన లెక్క, ప్రారంభమగుచున్నది. నిజాంసాగరము సుమారు 29 శతకోటి ఘనపుటడుగుల నీటికై నిర్మింపబడెను. పూడిక నిండి అది సగమునకును తక్కువయ్యెను. కట్ట ఎత్తు పెంచిన పిదప 17.8 శతకోట్లకు వచ్చెను. పైన సింగూరు ప్రాజెక్టు వెలసి మంజీర నీరు నగరపు దాహమునకు మరలగా, ఆయకట్టు చివర రైతు ఆకాశము వంక చూడవలసివచ్చెను. బాల్కొండ ప్రాంతమున పోచంపాడు వద్ద 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరామసాగరము ప్రజాస్వామ్యపు సృష్టి. దానికోసమును గ్రామములు మునిగినవి. 112 శతకోట్ల సామర్థ్యముతో మొదలైన ఆ జలాశయము తరువాతి కొలతలలో 80 శతకోట్ల చేరువకు తగ్గినది. గోదావరి ఒండ్రు రాజును ప్రజను భేదింపదు. పూడిక తీయనివాని చెఱువు పూడును.

బోధన్ కథ మఱింత దుఃఖకరము. స్వాతంత్ర్యానంతరము సర్కారు సంస్థగా నడచిన చక్కెర ఫ్యాక్టరీ నష్టముల పాలై, 2002లో నూటికి 51 పాళ్లు ప్రైవేటు యాజమాన్యమునకు పోయెను. 2015 డిసెంబరు 23న బోధన్, మెదక్ జిల్లా మంబోజిపల్లి, మెట్‌పల్లి దగ్గఱి ముత్యంపేట, మూడు గానుగలును ఒకేసారి మూతపడెను. కార్మికుల జీతములు నిలిచెను. చెఱకు రైతు గానుగ లేక వరికి తిరిగెను. 2024 జనవరిలో పునరుద్ధరణమును పరిశీలించుటకు రాష్ట్రప్రభుత్వము మంత్రి అధ్యక్షతన సంఘము నియమించెను. ఏ ఎన్నిక వచ్చినను శక్కర్‌నగరు పొగగొట్టము వాగ్దానములలో పొగ చిమ్ముచునే యున్నది. ఇట్టి స్థితిలో “నైజాము కట్టించినాడు” అను మాట పుట్టుట వింతగాదు. అది రాజుపై ప్రేమ కాదు, ప్రజాప్రభుత్వముపై ఫిర్యాదు. ఆ ఫిర్యాదును దేశద్రోహముగ తలచి కసరుకొనువారు రోగమును వదలి రోగిని కొట్టుచున్నారు.

అయినను ఆ రైతునకు ఒక మాట చెప్పవలసియున్నది. 1938లో గానుగ తిరుగుచుండగా చెఱకు ధర చాలదని సభ పెట్టుటకు నీ తాతకు స్వేచ్ఛ లేదు. గానుగ మూతపడిన నేడు మూసినవారి పేరు పెట్టి నిలదీయుటకు, వారిని ఓటుతో దింపుటకు నీకు స్వేచ్ఛ కలదు. ప్రభువు మంచివాడైనప్పుడు ఫ్యాక్టరీ వచ్చును. చెడ్డవాడైనప్పుడు రజాకారు వచ్చును. ఆ రెంటిలో ఏది రావలెనో నిర్ణయించు శక్తి ప్రజకు లేకపోవుటయే రాచఱికపు అసలు దోషము. మన పసుపు రైతులు ఏండ్లకొలది అడిగి, ధర్నాలు చేసి, ఎన్నికలలో నిలబడి, తుదకు 2025లో జాతీయ పసుపు బోర్డును నిజామాబాదునకు రప్పించుకొనిరి. ఆ బోర్డు ఎంత మేలు చేయునో కాలము చెప్పగలదు. కాని అడిగి తెచ్చుకొన్నదానికిని, అనుగ్రహముగ పడినదానికిని గల భేదము దానియందు కానవచ్చుచున్నది.

కావున సెప్టెంబరు 17కు ఏ పేరు పెట్టినను మాకు తగవు లేదు. ఆ దినమున జిల్లా కేంద్రమున పతాకమెత్తువారు మూడు అంకెలను ప్రజల ముందు చదివిన చాలును: నిజాంసాగరమున, శ్రీరామసాగరమున నేటి నిజమైన నీటి సామర్థ్య మెంత, ఆయకట్టు చివరి ఎకరమునకు ఆ యేట నీరు చేరినదా, శక్కర్‌నగరు గానుగ తిరుగుటకు ఎంత ధనము, ఎంత చెఱకు, ఏ తేదీ. ఫ్యాక్టరీ తిరిగి తెఱచునాడు దాని పాలకమండలిలో చెఱకు రైతులకును కార్మికులకును పీట యుండవలెను. 2002లో వలె వారి తలలమీదుగ బేరము జరుగరాదు. 1948లో మనము సంపాదించినది లెక్క అడుగు హక్కు. ఆ హక్కును వాడనిచో ఏలిక మాఱినను ఏలుబడి మాఱదు.